కాశీమజిలీ కథలు - పాతాళభైరవి

యూసుఫ్‌గూడ యొకప్పుడు హైదరాబాదు నగరమునకు వెలుపలి పల్లె. గూడ యనగా చిన్న యూరు. ప్రక్కనున్న యెల్లారెడ్డిగూడ పేరును అట్టిదే. నగరము పెరిగి పెరిగి యీ పల్లెలను తనలో కలుపుకొన్నది. దాని వెనుకనే చలనచిత్ర పరిశ్రమ వచ్చినది. అమీర్‌పేట ప్రాంతమున సారథీ స్టూడియో వెలసెను. 1959లో విడుదలయిన 'మా ఇంటి మహాలక్ష్మి' పూర్తిగా హైదరాబాదులోనే నిర్మింపబడిన మొదటి తెలుగు చిత్రముగా పేరు గాంచెను. 1976లో అన్నపూర్ణా స్టూడియో ప్రారంభమయ్యెను. పరిశ్రమ మద్రాసునుండి క్రమక్రమముగా తరలివచ్చిన పిదప యూసుఫ్‌గూడ చెంతనున్న కృష్ణానగరము సినిమా పనివారికి నివాసస్థానమయ్యెను. ఇట్టి తావున గ్రంథాలయమునకును సినిమాకును ఇరుగుపొరుగు సంబంధము తప్పదు. ఇరుగుపొరుగుల నడుమ ఇచ్చిపుచ్చుకొనుటలుండును, బాకీలును నుండును. తెలుగు సినిమా తెలుగు పుస్తకమునకు పడియున్న పాతబాకీ యొకటి కలదు. రజతోత్సవ సమయమున దాని జమాఖర్చు చూచుట యుచితము. అది కాశీమజిలీ కథలకును పాతాళభైరవి చిత్రమునకును గల సంబంధము.

కాశీమజిలీ కథలను రచించినవారు మధిర సుబ్బన్న దీక్షితులు. వారు 1868లో జన్మించి 1928లో పరమపదించిరి. రాజమహేంద్రవరము వారి నివాసము. ఆ కథలు పండ్రెండు భాగముల మహాగ్రంథము. అవి బాలుర కొరకే వ్రాయబడినవి కావు. కాని బాలురు వానిని తమవిగా చేసికొనిరి. అక్షరములు కూడబలుక నేర్చిన పిల్లవాడు మొదలు పండుముదుసలి వరకు వానిని చదివినవారే, లేదా విన్నవారే. ఒక భాగము ముగియగానే తరువాతి భాగమెక్కడనని వెదకికొనుట తెలుగుదేశమున రెండు మూడు తరముల పాఠకుల కలవాటయ్యెను.

ఆ గ్రంథమునకు పునాదియైన కథ మిక్కిలి సులువైనది. మణిసిద్ధుడను యతి కాశీయాత్రకు బయలుదేరును. తోడు కావలెను. అంత దూరము కాలినడకను వచ్చుటకు ఎవ్వరును ఒప్పుకొనరు. తుదకు పశువులను గాచు నొక గోపబాలుడు వచ్చెదనని చెప్పును. కాని వాడొక నియమము పెట్టును: దారిలో తానేదైన వింత చూచి దాని వృత్తాంతమడిగినచో యతి దానిని చెప్పితీరవలెను, చెప్పనినాడు తాను మరలి యింటికి పోవును. యతి యొద్ద మహిమగల మణి యొకటి కలదు. దాని ప్రభావముచే జరిగినవన్నియు ఆయనకు తెలియును. ప్రతిదినము కొంత దూరము నడచి మజిలీ చేయుదురు. వంట, భోజనము ముగిసిన పిదప బాలుడు తాను చూచిన వింతను గూర్చి యడుగును. గురువు కథ చెప్పును. మరునాడు మరల నడక, మరల మజిలీ, మరల ప్రశ్న, మరల కథ.

ఈ కట్టడిలో నొక విశేషమున్నది. ఇచ్చట కథ శ్రోతకు దయతో పెట్టిన భిక్ష కాదు. వాని నడకకు ముట్టవలసిన కూలి. అడిగెడివాడు పసులకాపరి, చెప్పెడివాడు సర్వజ్ఞుడైన యతి. అయినను కథ నడుచునది అడిగెడివాని చిత్తము ననుసరించియే. ప్రశ్న నిలిచిన దినమున యాత్రయే నిలిచిపోవును. చదువులేని పిల్లవాని కుతూహలమునకు ఇంత విలువ కట్టిన గ్రంథము లరుదు. పిల్లలు దీనిని తమ పుస్తకమని యేల యనుకొనిరో ఇందువలననే తెలియుచున్నది.

మజిలీ యను పదమును గమనింపుడు. ఇది సంస్కృతమునుండి వచ్చినది కాదు. అరబ్బీలోని మంజిల్ అను మాట పారసీ, హిందుస్తానీల మీదుగా తెలుగులో చేరి యిట్లు మారినది. పరమపవిత్రమైన కాశీ పేరు ప్రక్క, శాస్త్రములెరిగిన బ్రాహ్మణపండితుడు, సరాయీల నుండియు బాటసారుల నుండియు వచ్చిన మాట నుంచెను. ఏ తెలుగువానికిని అది యెబ్బెట్టుగా తోపలేదు. యూసుఫ్ పేరును గూడ పదమును కలిసి యొక యూరి పేరైన చోట నివసించువారికి ఇందలి సొంపు వేరుగ చెప్పనక్కరలేదు.

మజిలీలు చేయుచు కాశికి పోవుట ఆ కాలమున కల్పన కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణమునుండి సపరివారముగా బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను. దారిలో చూచినవానినెల్ల తన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు వ్రాసి పంపెను. అది 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చయినది. దారి యెట్టిది, నీరు దొరకునా, బస యెక్కడ, సరకుల వెల యెంత యనునవి యందు కలవు. వీరాస్వామయ్య చూచిన దారి నిజమైన దారి. దీక్షితులవారి దారి యూహలోని దారి. రెండింటికిని నడక యొక్కటే, మజిలీ యొక్కటే.

దీక్షితులవారి నాటికి ఆ నడక యంతరించుచుండెను. 1874లో సికింద్రాబాదునకు రైలు వచ్చినది. 1900 నాటికి రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై రైలువంతెన నిలిచినది. మాసముల ప్రయాణము దినములలో ముగియుచుండెను. దారిలో ఆగి, ఎవరి యరుగుమీదనో కూర్చుండి, తెలియని యూరి కథ నడుగు తీరిక పోవుచుండెను. బండి దిగకుండనే కాశి చేరు కాలమున, తమ యూరనే రైలు నదిని దాటుచుండగా, దీక్షితులవారు కాలినడకకు పండ్రెండు భాగముల స్మారకము కట్టిరి. లోకమున పోయిన మజిలీ పుస్తకమున నిలిచినది.

కథలో కథ నిముడ్చు విద్య దీక్షితులవారు కొత్తగా కనుగొన్నది కాదు. దానికి మూలపురుషుడు గుణాఢ్యుడు. ఆయన పైశాచీభాషలో బృహత్కథను ఏడు లక్షల గ్రంథముగా రచించెననియు, శాతవాహన నృపతి దానిని తిరస్కరింపగా అడవిలో మృగములకు చదివి వినిపించుచు నొక్కొక్క యాకును అగ్నికి వేసెననియు, రాజు పశ్చాత్తాపముతో వచ్చునప్పటికి లక్ష మాత్రమే మిగిలెననియు ఐతిహ్యము. అదియు నశించినది. కాని పదునొకండవ శతాబ్దమున కాశ్మీరమునందు సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరమున దాని సారము దక్కినది. తెలుగులో కేతన దశకుమారచరిత్రమును, కొరవి గోపరాజు సింహాసనద్వాత్రింశికను, పాలవేకరి కదిరీపతి శుకసప్తతిని ఈ త్రోవనే నడపిరి. ఒకచోట సాలభంజికలు చెప్పును. ఒకచోట చిలుక చెప్పును. దీక్షితులవారు పద్యమును వదలి వచనమును గైకొని, చిలుకకు మారుగ యతిని, రాజునకు మారుగ పసులకాపరిని నిలిపిరి. వారు చేసిన గొప్పమార్పు ఇదియే.

ఆ వచనము గ్రాంథికమే. అయినను అది జనమునకు అడ్డు కాలేదు. ఏలయన నాడు పుస్తకమును కంటితో చదివినవారికంటె చెవితో చదివినవారే యెక్కువ. చదువవచ్చిన వాడొకడు దీపము ముందర కూర్చుండి రాగయుక్తముగా చదువగా చుట్టును చేరినవారు వినెడివారు. తెలియని పదమునకు పెద్దలర్థము చెప్పెడివారు. నిజాము రాజ్యమున తెలుగునకు పాఠశాలలలో తగిన స్థానము లేని దినములలో ఈ పని గ్రంథాలయములమీద పడినది. 1901లో హైదరాబాదునందు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము నెలకొన్నవి. తెలంగాణమున గ్రంథాలయమనగా పుస్తకముల కొట్టు మాత్రమే కాదు. తెలుగు మాట నిలువ నీడ. అచ్చటికి శాస్త్రగ్రంథముల కొరకు వచ్చినవారు కొందరు; కథలకొరకు వచ్చి చదువరులైనవారు పెక్కురు.

ఇక సినిమా సంగతి. 1947 జూలైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి గారలు మద్రాసునుండి చందమామ మాసపత్రికను ప్రారంభించిరి. వారే విజయా సంస్థ నెలకొల్పి 1950లో షావుకారు చిత్రమును, 1951 మార్చి 15వ తేదీన పాతాళభైరవిని విడుదల చేసిరి. పిల్లల కథలపత్రికను నడపు చేతులే పిల్లలు మెచ్చు చిత్రమును తీసినవన్నమాట. ఆ పత్రిక ముద్రణ నేడు నిలిచిపోయినది. ఆ చిత్రము మాత్రము నేటికిని ఆడుచునే యున్నది. దర్శకుడు కె. వి. రెడ్డి, కథ, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు, సంగీతము ఘంటసాల, ఛాయాగ్రహణము మార్కస్ బార్ట్లీ, కళ గోఖలే, కళాధర్. తోటరాముడుగా నందమూరి తారకరామారావు, నేపాళ మాంత్రికుడుగా ఎస్. వి. రంగారావు, ఇందుమతిగా కె. మాలతి నటించిరి. తెలుగుతోబాటు అరవమునను నిర్మింపబడినది. 1952 జనవరిలో బొంబాయియందు ప్రారంభమైన మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ప్రదర్శింపబడి దక్షిణదేశమునకు కీర్తి తెచ్చినది.

కథ తెలియనివారుండరు. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాజకుమార్తెను ప్రేమించును. తనతో సరితూగు సంపద తెమ్మని రాజు వానిని శాసించును. కోరిన వరములిచ్చు పాతాళభైరవి ప్రతిమకొరకు మాంత్రికుడు సాహసవంతుడైన యువకుని బలియియ్య నెంచి రాముని గొనిపోవును. మొసలిరూపమున నున్న యప్సరస శాపము తీరి ఆ మోసమును రామునకు తెలుపును. రాముడు మాంత్రికునే బలియిచ్చి ప్రతిమను గైకొనును. శిష్యుడు సంజీవనితో మాంత్రికుని బ్రతికించును. ప్రతిమ రాజు బావమరిది దొంగతనమువలన మాంత్రికుని చేత పడును. మేడ, సిరి, రాజకుమారి మాయమగును. రాముడు మిత్రుడైన అంజితో వెదకిపోయి, ఉపాయముచే మాంత్రికుని గెలుచును.

ఈ కథకు మూలము కాశీమజిలీ కథలలో నున్నదని ప్రసిద్ధి. దానితో మరి రెండు పాయలు కలిసినవి. బలియియ్య దలచినవాడే బలియగుట బేతాళకథల ముగింపు. కథాసరిత్సాగరమున క్షాంతిశీలుడను భిక్షువు గోదావరీతీరమున ప్రతిష్ఠానము నేలు త్రివిక్రమసేనుని ఇట్లే వంచింప జూచి, తానే హతుడగును. మాయావస్తువు చేతులు మారుట, మేడ యెగిరిపోవుట అల్లాఉద్దీను కథలోనివి. ఆ కథయు అరబ్బీ వేయిరాత్రుల ప్రాచీనప్రతులలో లేనిదే. పదునెనిమిదవ శతాబ్ద ప్రారంభమున గాలండ్ అను ఫ్రెంచి పండితుడు సిరియా దేశస్థుడైన హన్నా దియాబ్ నోట విని తన యనువాదమున చేర్చినది. కథలును యాత్రికులవంటివే, ఏ దేశమున మజిలీ చేసిన ఆ దేశపు బట్ట కట్టును. ఉజ్జయినికి వచ్చిన కథ తోటమాలి యింట పుట్టినది.

కావున సినిమా పుస్తకమునుండి తీసికొన్నది దోషము కాదు. దీక్షితులవారును పూర్వులనుండి తీసికొనినవారే. తీసికొన్నదానికి ఏమి చేర్చినారు, ఏమి విడిచినారు అని చూడవలెను.

చేర్చినది స్వల్పము కాదు. 1951 జనాభా లెక్కలలో భారతదేశమున చదువవచ్చినవారు నూటికి పదునెనిమిదిమంది మాత్రమే. తక్కిన యెనుబదిరెండుగురకు పుస్తకము మూసిన తలుపు. పాతాళభైరవి ఆ తలుపు తెరచినది. కూలి చేసికొను స్త్రీయు, బండి తోలు వాడును పండితులతో సమానముగా కూర్చుండి యా కథ చూచిరి. రెండవది: పూర్వకథలలో నాయకుడు ప్రాయికముగా రాజకుమారుడు. ఇచ్చట నాయకుడు తోటమాలి కొడుకు; అతనికి అండ కన్నతల్లి, చెలికాడు. వయోజనులందరికిని ఓటు లభించి, దేశము మొదటి సాధారణ ఎన్నికలకు సిద్ధమగుచున్న యేటనే యీ తోటరాముడు రాజు నెదుట తలయెత్తి నిలిచెను. జనము అతనిని తమవానినిగా ఎంచుటలో ఆశ్చర్యము లేదు. మూడవది భాష. పింగళివారు మాంత్రికుని నోట గ్రాంథికపు ఠీవి కలిగిన వింత తెలుగు పలికించిరి. డింభకుడనగా బాలుడని నిఘంటువు చూచి యెరిగినవారు కొందరే. రంగారావుగారి పలుకుబడివలన ఆ పదము పసిపిల్లల యాటలలో చేరినది. గ్రాంథికము జనమునకు రుచింపదను వాదమునకు ఇంతకంటె మంచి సమాధానమేమున్నది?

విడిచినది గోపబాలుని. సినిమాకు కాలనియమము కలదు. మూడు గంటలకు కొంచెము మించి కథ ముగియవలెను. మణిసిద్ధుడును, శిష్యుడును, కాశీదారియు నందు పట్టవు. పట్టింపబూనినచో చిత్రము చెడియుండెడిది. కె. వి. రెడ్డిగారు కథను బిగువుగా కట్టి, అవసరము లేనిది ఒక్కటియు లేకుండ చేసిరి. అది వారి నేర్పు. కాని ఆ బిగువునందే ప్రశ్నకు చోటు పోయినది. చీకటిసాలలో కూర్చున్న బాలుడు అన్నియు చూచును. ఏదియు నడుగ నక్కరలేదు. అడిగినను చిత్రము ఆగదు. పుస్తకమున బాలుడు కథను లాగును. తెరమీద కథ బాలుని లాగికొనిపోవును. చూచినవానికి మాంత్రికుని ముఖమొక్కటే. అది రంగారావుగారి ముఖము. చదివినవారు వేయిమందియైనచో మాంత్రికులు వేయిమంది.

విడిచినది మరియొకటి కలదు. అది దీక్షితులవారి పేరు. పాతాళభైరవిలో నటించినవారెవరని యడిగిన నేటి చిన్నవాడును చెప్పును. నేపాళ మాంత్రికుని వేషము పాఠశాలల యుత్సవములలో కట్టుదురు. ఆ కథాప్రపంచమునకు తలుపు తెరచిన రాజమహేంద్రవరపు పండితుని పేరు చెప్పువారెందరు? ఇది సినిమావారి నేరమని యనుట న్యాయము కాదు. వారు తమ పని వారు చేసిరి, మిక్కిలి చక్కగా చేసిరి. పేరు నిలుపవలసిన పని చదువరులది, గ్రంథాలయములది. అరువు తెచ్చుకొన్నవాడు మరచినను ఖాతా వ్రాయువాడు మరువరాదు. ఖాతా పుస్తకము గ్రంథాలయమునందే యుండును.

అట్లని కాశీమజిలీ కథలలో లోపములు లేవనుట సత్యము కాదు. వర్ణనలు కొన్నియెడల దీర్ఘములు. శృంగారఘట్టములు కొన్ని బాలురకు తగినవి కావు. స్త్రీలను గూర్చియు, కులములను గూర్చియు నాటివారి తలంపులే యందు కలవు; నేటివారొప్పుకొననివి పెక్కు. సులభవచనమున వెలువడిన ప్రతులు ఈ చిక్కును కొంత తీర్చినవి. అయినను పండ్రెండు భాగములను పిల్లవాని చేతికిచ్చి పొమ్మనుట కంటె, పెద్దలొకరు ఏరి చదివి వినిపించుట మేలు. అట్లు చదువుమనియే ఆ గ్రంథముయొక్క కట్టడియును చెప్పుచున్నది: మణిసిద్ధుడొక్కడు, గోపబాలుడొక్కడు, నడుమ కథ.

నేడు పాతాళభైరవిని చూచుటకు కొట్టకకు పోనక్కరలేదు; చేతిలోని ఫోనునందే చూడవచ్చును. యూసుఫ్‌గూడ పిల్లలు మెట్రో రైలు నెక్కి రెండు నిమిషములకొక స్టేషను దాటుదురు. దారి తొందర మరింత పెరిగినది. ఇట్టి కాలమున సినిమాను పుస్తకమునకు శత్రువుగా తలచి నిందించుటవలన ప్రయోజనము లేదు. పాతాళభైరవి చూచిన బాలుడు, మాంత్రికునకు ఆ మంత్రమెవరు నేర్పిరి, అప్సరసకు శాపమేల కలిగెనని యడుగును. సినిమా యచ్చట మౌనము వహించును. ఆ ప్రశ్నను పట్టుకొని వాడు పుస్తకాలమారు చెంతకు వచ్చినచో వానికి కాశీదారి చూపవచ్చును.

ఇందుకు పెద్ద ద్రవ్యము కాని, భవనము కాని కావలసి లేదు. వారమున కొకసాయంకాలము చదువ నేర్చిన పెద్దలొకరు కాశీమజిలీలలో నొక కథ బిగ్గరగా చదివిన చాలును. చదువుటకు ముందు మధిర సుబ్బన్న దీక్షితులవారి పేరు చెప్పవలెను. చదివిన పిదప పిల్లలడిగినదానికెల్ల ఓపికతో బదులు చెప్పవలెను. తెలియనిచో మరియొక పుస్తకము తెరచి చూపవలెను. నాడు యతి బదులు చెప్పనిచో గోపబాలుడు మరలిపోయెదనని ముందే చెప్పియుండెను. నేటి పిల్లలు చెప్పకయే మరలిపోవుదురు. వారిని నిలుపుకొనుటకు పెద్దలవద్ద మహిమగల మణి లేదు; పుస్తకములు మాత్రమే కలవు, అవి చాలును.